ఇంటిదాకా వచ్చే జడ్జి

పొద్దున వకీళ్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే జడ్జి సారు ఫొటో కనిపించింది. ఫొటోకు దండ లేదు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి కాబట్టి సంగతి అర్థమైపోయింది. ఎవరో తొందరలో పుట్టినరోజు ఫొటో వెతికి పెట్టినట్టున్నారు, పక్కన కేకు కోసే ప్లాస్టిక్ కత్తి కూడా ఉంది. నేను మాత్రం ముందు ఆయన కళ్లద్దాలు ఉన్నాయా లేవా అని చూశాను. ఉన్నాయి. ఆయన ఫొటో ఏది చూసినా నా చూపు ముందు అక్కడికే పోతుంది.

మధ్యాహ్నం కర్నూలు కోర్టులో సంతాప సభ పెట్టారు. మా వాళ్లు బతికున్నప్పుడు ఆడిపోసుకున్న మనిషిని కూడా మైకు ముందు దేవుణ్ణి చేసేస్తారు. ఆయన గురించి ముఖ్యంగా రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఆయన రాసిన ఒక తీర్పును పైకోర్టు మెచ్చుకుందని. "కింది కోర్టు జడ్జి సాక్షిని స్వయంగా చూసి, స్వయంగా విని నమ్మాడు, ఆ నమ్మకాన్ని మేము తేలిగ్గా తీసెయ్యలేము" అని పైకోర్టు రాసిందట. వకీళ్ల సంఘం అధ్యక్షుడు 'స్వయంగా' అన్న మాటను రెండుసార్లు ఒత్తి పలికాడు. రెండోది సారు మర్యాద, అదీ అధ్యక్షుడే చెప్పాడు.

"సారు ఇంటికి ఎవరు పోయినా గేటు కాడ నిలబడి పోయిరమ్మనేటోడు కాదు. వద్దు సార్ అన్నా ఇనడు. మనతో పాటే ఆటో ఎక్కి మన ఇంటిదాకా వచ్చి, మనం లోపలికి పోయినాంక గానీ తిరిగిపోడు. ఇట్లాంటి మర్యాద ఈ కాలంలో యాడుండాది చెప్పండి!"

హాలంతా తలలూపింది. నన్నూ దింపినాడు, నన్నూ దింపినాడు అని అటొకరూ ఇటొకరూ గొణుక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. అది మర్యాద కాదు. ఆ తీర్పూ ఈ అలవాటూ ఒకే రోజు పుట్టినవి. అది ఈ హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలిసినట్టు లేదు.

నేను ఆయన్ని మొదట చూసింది జిల్లాలో పడమటి వైపు, ఒక చిన్న ఊరి కోర్టులో. కోసిగి వైపు పల్లెల దావాలు కొన్ని ఆ కోర్టుకు వచ్చేవి. ఆయనది రాజంపేట వైపు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. మాట మెత్తన. ఎవరినీ కసురుకోగా నేను వినలేదు. జూనియర్లు తడబడితే నీళ్లు తాగమని చెప్పేవాడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి సాక్షి బోనులోకి రాగానే ఒక పని చేసేవాడు. కళ్లద్దాలు తీసి, మడిచి, బల్లమీద పెట్టేసేవాడు. ఆయనకు దగ్గరి కాగితం అద్దాలు లేకున్నా కనబడుతుంది, దూరపు మనిషే కనబడడు. తల వంచుకుని సాక్షి చెప్పేది రాసుకునేవాడు. సాక్షి దిగిపోయాక మళ్లీ అద్దాలు పెట్టుకునేవాడు. కొత్తలో నాకు అది చత్వారం తంతు అనిపించింది. కళ్లజోడు మార్పించుకోమని చెబుదామా అని కూడా అనుకున్నాను.

ఏ నిర్ణయమైనా ఆయన చేతిలోంచి పక్కవాళ్ల చేతిలోకి జారిపోయేది. టీలో చక్కెర వెయ్యాలా వద్దా అని అటెండరు అడిగితే, "నువ్వే చూసి వెయ్యప్పా" అనేవాడు. వాళ్లావిడ ఒకసారి మా ఆడవాళ్లందరి ముందూ పకపకా నవ్వుతూ చెప్పింది, "మా పాపకు పేరు పెట్టమంటే ఈయప్ప ఆసుపత్రిలో కాంపౌండరును అడిగినాడమ్మా. ఆయన పెట్టిన పేరే అది." ఆయన పక్కనే కూర్చుని, "మంచి పేరే పెట్టినాడు గదా" అన్నాడు.

ఇంట్లో అయితే నవ్వుకోవచ్చు. కోర్టులో కూడా అదే వరస. ఏ చిక్కు వచ్చినా, "తెలిసినవాళ్లు చూస్తార్లేమ్మా" అని ఎవరికో ఒకరికి పంపేవాడు. సంతకం నిజమో కాదో నిపుణుడికి, గట్టు ఎక్కడుందో సర్వేయరుకు, మొగుడూ పెళ్లాల తగువు మధ్యవర్తికి. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. సాక్షుల్ని విచారించి రాసుకురమ్మని ఒక వకీలును కమిషనరుగా వేసేవాడు, అదీ చట్టంలో ఉన్నదే. అక్కడ ఆగితే గొడవ లేకపోయేది. పొలం ఎవరి చేతిలో ఉందో కూడా ఆ కమిషనరునే తేల్చి చెప్పమనేవాడు. అది మాత్రం ఏ చట్టంలోనూ లేదు. కమిషనరు ఏం రాస్తే తీర్పులో అదే వచ్చేది. వకీళ్లు ఆయనకు 'పంపుడు సారు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడే ఉంటుంది.

ఉలిగమ్మ నా కక్షిదారు. మొగుడు చచ్చిపోయాక నాలుగెకరాల నల్లరేగడి ఆమే సేద్యం చేసుకుంటూ ఉండేది. మొగుడి దాయాది ఒకాయన ఆ పొలం తన చేతిలోనే ఉందన్నాడు. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, చిరునవ్వు. ఎవరు కనబడినా ఆగి, పేరు పెట్టి పిలిచి, బాగోగులు అడిగేవాడు. ఆయన అడిగాక ఆ మనిషి బాగుండడని ఊళ్లో ఒక భయం. ఆ భయాన్ని బయటికి అనేవాళ్లు లేరు. ఉలిగమ్మ ఒక్కతే నాతో అంది, అదీ గొంతు తగ్గించి.

విచారణకు కమిషనరు పల్లెకు వచ్చిన రోజు నేనూ పోయాను. వలస కాలం. సగం ఇళ్లకు తాళాలు, తలుపుల ముందు ముళ్లకంప అడ్డం వేసి ఉంది. ఉలిగమ్మ పొలంలో విత్తడం కళ్లారా చూసినవాళ్లంతా గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లిపోయారు. మిగిలింది మారెప్ప ఒక్కడే. గొర్రెలున్నవాడు కాబట్టి ఊరు వదల్లేదు. ఏళ్ల తరబడి ఆ పొలం గట్టు మీదనే మేపుకుంటున్నాడు. ఆ దాయాది ఇంట్లో తప్ప ఊళ్లో ఎక్కడా కుర్చీలు లేవు. కాబట్టి కమిషనరు ఆ ఇంటి వసారాలోనే కూర్చున్నాడు. నేను వద్దన్నాను. "ఎండలో యాడ కూర్చోమంటారు మేడం?" అన్నాడు కమిషనరు, మంచినీళ్లు అందుకుంటూ.

మారెప్ప వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. ఇంటాయన గుమ్మంలోంచి నవ్వుతూ పలకరించాడు.

"ఏం మారెప్పా, బాగుండావా? గొర్లు బాగుండాయా? పెండ్లాం పిల్లోల్లు అందరూ బాగుండారా?"

"బాగుండామన్నా," అన్నాడు మారెప్ప, చేతిలో ఉన్న తువ్వాలు బిగించి పట్టుకుని.

పొలం ఎవరు సేద్యం చేస్తున్నారని కమిషనరు అడిగాడు. మారెప్ప చాలాసేపు మాట్లాడలేదు. గుమ్మం వైపు చూశాడు, ఉలిగమ్మ వైపు చూశాడు, మళ్లీ గుమ్మం వైపు చూశాడు. "నాకేం తెల్దు సారూ. నా సూపు గొర్ల మీదనే ఉంటాది," అన్నాడు. నేనెంత తిప్పితిప్పి అడిగినా అదే మాట. కమిషనరు ఆ జవాబు రాసుకున్నాడు. ఆ జవాబుకు ముందున్న మౌనాన్ని ఎవరు రాస్తారు?

పొలం దాయాది చేతిలోనే ఉందని కమిషనరు రాసిచ్చాడు, అదే తీర్పయింది. కోర్టు మెట్ల మీద ఉలిగమ్మ నన్ను నిలేసింది.

"జడ్జి సారు నన్ను సూడకనే సెప్పినాడా మేడం? మారెప్పను గూడ సూడలేదు గదా. సూసింటే తెలుస్తాండె."

ఆమె మాటనే నేను అప్పీలులో పెట్టాను. కాస్త న్యాయశాస్త్రం పూసి పెట్టాను, అంతే. జిల్లా కోర్టు నా అప్పీలు ఒప్పుకుంది. సాక్ష్యం రాసుకోవడానికి ఇంకొకర్ని పంపవచ్చు, నిర్ణయించే పనిని పంపకూడదు, అది జడ్జి కుర్చీతో పాటు వచ్చిన పని అని రాసింది. మారెప్పను మళ్లీ పిలిపించి, జడ్జి తన ఎదుట నిలబెట్టుకుని విని, తనే తేల్చాలని కేసు వెనక్కి పంపింది. అప్పీళ్లు మామూలుగా ఏళ్లకేళ్లు నానుతాయి. ఇది మాత్రం ఆయన బదిలీ కాకముందే తేలి, ఆయన బల్లమీదికే వచ్చింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

కేసు తిరిగొచ్చాక మొదటి వాయిదా రోజు కరెంటు పోయింది. ఎదుటి పక్షం వకీలూ నేనూ తేదీ కోసం జడ్జి గదిలోకి వెళ్లాం. కిటికీ దగ్గర నిలబడి ఆ ఉత్తర్వు చదువుకుంటున్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు.

"బాగా రాసినారమ్మా పైవాళ్లు," అన్నాడు నాతో. "నేనే చూడాలంట. నాకు భయమమ్మా చూడాలంటే."

ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే జిల్లాలో, ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న అమ్మాయినీ వాళ్ల నాన్ననూ ఆయన ముందుకు తెచ్చారట. ఆ తండ్రి బోరున ఏడ్చాడట. ఒక్క మాట అననని, కంటికి రెప్పలా చూసుకుంటానని ప్రమాణం చేశాడట.

"ముఖం చూసి నమ్మినానమ్మా. అంత ఏడుపు అబద్ధమవుతుందా అనుకుంటి. ఇంటికి పోతే మంచిదని పిల్లకు నేనే నచ్చజెప్పి పంపితిని. ఆ పిల్ల వాకిలి దాటేదాకా నా పక్కే చూస్తా పోయింది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తర్వాత వచ్చిన కబురు మీకు చెప్పలేను. ఆ పొద్దు నుంచి ముఖాలు చూడను. తెలిసినవాళ్లు చూస్తే బాగుంటాదని పంపిస్తా వచ్చినా."

ఎదుటి పక్షం వకీలు పెద్దవాడు, దేనికీ కరగని మనిషి. ఆయన కూడా తల దించుకున్నాడు. అప్పటిదాకా నేను వేళాకోళం చేసిన 'పంపుడు సారు' మీద నాకు ఆ రోజు మొదటిసారి జాలి కలిగింది. కానీ ఉలిగమ్మ పొలం ఆయన భయం కంటే నాకు ముఖ్యం. తేదీ తీసుకుని బయటికొచ్చాను.

ఆ తేదీ రానే వచ్చింది. మారెప్ప కోర్టు వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మనిషి మెట్లెక్కుతూ ఆగాడు. "బాగుండావా మారెప్పా? ఈ ఎండలో ఇంత దూరం వస్తివే. గొర్లను ఎవరు సూస్తాండారు?" అని నవ్వి లోపలికి వెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు.

అటెండరు పిలిచాడు. మారెప్ప బోనెక్కాడు. జడ్జి చెయ్యి అలవాటు ప్రకారం కళ్లద్దాల మీదికి పోయింది. తీస్తాడనుకున్నాను. తీయలేదు, సరిచేసుకుని మారెప్ప ముఖంలోకి చూశాడు. ఆ చూపులో అధికారమేమీ లేదు. దారి అడిగే మనిషిలా చూశాడు.

"భయపడొద్దప్పా. నాకు చెప్పు. ఆ పొలం ఎవరు చేసుకుంటాండారు?"

అదే మౌనం మళ్లీ వచ్చింది. మారెప్ప వెనక్కి తిరగబోయాడు. "ఆ పక్క వద్దు, నా పక్క చూడు," అన్నాడు ఆయన. మారెప్ప ఆయన వైపే చూస్తూ ఉండిపోయాడు. అట్లా ముఖం చూసి ఎవరూ తనను అడిగి ఉండరు.

"ఆయమ్మే సారూ. మొగుడు సచ్చిపోయినప్పటి నుంచీ ఆయమ్మే ఇత్తనమేస్తాండాది, ఆయమ్మే కోస్తాండాది. నేను దినామూ సూస్తాండా. ఆ పొద్దు కమిషనరు సారుకు సెప్పలేకపోతి. ఆయన కూసున్న ఇల్లు అట్లాంటిది."

క్రాస్‌లో ఎదుటి వకీలు ఎంత గుచ్చి అడిగినా మారెప్ప మాట మార్చలేదు. నాకు గాల్లో తేలినట్టుంది. ఉలిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆఖరి బెంచీ మనిషి మాత్రం అదే చిరునవ్వుతో లేచి, కోర్టుకు నమస్కారం పెట్టి, మెల్లగా బయటికి వెళ్లాడు. మారెప్ప వేలిముద్ర వేశాడు. దిగమన్నా దిగలేదు.

"సెప్పినా సారూ. ఇప్పుడు నేను ఇంటికి ఎట్ల పోవాల?"

ఆయన మారెప్ప వైపు చూశాడు, ఆఖరి బెంచీలో ఖాళీ అయిన చోటు వైపు చూశాడు. ఆ ముఖంలో నాకు భయం కనిపించింది. కళ్లద్దాలు తీశాడు, మడిచి బల్లమీద పెట్టాడు.

"ఎస్ఐ గారికి ఒక ముక్క రాయండి," అన్నాడు బెంచి క్లార్కుతో. "వాళ్లు చూసుకుంటారు."

వాళ్లు చూసుకున్నారు, కాగితంలో ఎంత ఉందో అంత. ఒక కానిస్టేబుల్ మారెప్పను బస్టాండుకు తీసుకుపోయి, టీ ఇప్పించి, బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. పెద్ద రోడ్డు మీద ఊరికి మళ్లే క్రాసులో దిగాడని కండక్టరు తర్వాత చెప్పాడు. క్రాసు నుంచి ఊళ్లోకి నడిచి పోవాలి. దారికి అటూ ఇటూ ముళ్లకంప, మధ్యలో వాగులాంటి ఒక వంక. ఆ ఏడు కూడా ఊరు సగం వలసలో ఉంది. ఎదురొచ్చేవాళ్లు లేరు, వెనక వచ్చేవాళ్లను చూసేవాళ్లూ లేరు. ఆ సాయంత్రం దొడ్లో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. మూడో నాడు వంకలో దొరికాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఏళ్ల తరబడి గొర్రెల వెనక ఆ వంక దాటిన మనిషికి కాలు జారిందట.

తీర్పు ఆయనే రాశాడు. ఎవరికీ పంపలేదు. ఉలిగమ్మ గెలిచింది. అవతలివాళ్లు పైకోర్టు దాకా పోయారు, అక్కడా ఓడారు. సభలో ఒత్తి పలికిన ఆ మెప్పు అక్కడి నుంచి వచ్చిందే. పైకోర్టు ముందు మారెప్ప మాట ఉంది, ఆ మాట చెప్పిన ముఖాన్ని చూసి నమ్మిన జడ్జి ఉన్నాడు. ఆ తర్వాత మారెప్ప అడిగిన ప్రశ్న సాక్ష్యం కాదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

డిక్రీ కాగితం ఇవ్వడానికి పోతే ఉలిగమ్మ చేతులు చాపలేదు. "ఆడ పెట్టుపో మేడం," అంది. ఆ ఏడు పొలం విత్తలేదు. తర్వాత కూడా విత్తలేదు. మారెప్ప పెళ్లాం గొర్రెలు తోలుకుపోతే, అందులోనే మేపుకోమంది.

ఆయన రిటైరై కర్నూల్లో ఇల్లు తీసుకున్నాడు. ఒక కేసు విషయంలో సందేహం అడగడానికి నేను ఒకసారి వెళ్లాను. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది. ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే ఆయన రుచి చూసి, "సరిపోయింది," అని తనే చెప్పాడు. నేను ఆశ్చర్యపోయాను. లేవబోతే ఆయనా లేచాడు, చెప్పులేసుకున్నాడు.

"పట్టపగలు సార్. ఆటోలో పోతే ఎంతసేపు? మీరెందుకు?"

"పోదాం పద."

ఆటో ఎక్కాం. వెనక వచ్చే బండ్లను అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. మా వీధి మలుపులో, "మారెప్ప అడిగె కదమ్మా," అన్నాడు. నేను ఊ అన్నాను. "నన్ను అడిగినాడు. ఎస్ఐని అడగలేదు."

మా ఇంటి ముందు దిగాం. లోపలికి రమ్మంటే రాలేదు. ఎండ పేలిపోతోంది. నెత్తిన చేతిరుమాలు వేసుకుని, కళ్లద్దాలు ముక్కు మీద సరిగ్గా నొక్కి పెట్టుకుని, వీధిలో నిలబడ్డాడు.

"లోపలికి పోయి తలుపేసుకోమ్మా. నేను చూస్తాండా."

నాకు ఏడుపొచ్చింది. లోపలికి పోయి తలుపేసుకుని కిటికీలోంచి చూశాను. గడియ పడిన చప్పుడు విన్నాక కూడా ఆయన కదల్లేదు. మా తలుపునే చూస్తూ చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

ఇవాళ సభ అయ్యాక అందరూ కలిసి టీ తాగడానికి బయటికి వచ్చారు. నేను వాళ్లతో కలవలేదు. వచ్చే వారం నా కేసులో ఒకావిడ సాక్ష్యం చెప్పాలి, ఆమెకు ఫోన్ చేద్దామని గేటు వైపు నడుస్తున్నాను. ఇస్త్రీ చొక్కా మనిషి ఎదురయ్యాడు. వెంట్రుకలు తెల్లబడ్డాయి, నవ్వు అదే. ఇంకేదో కేసు వాయిదాకు వచ్చాడట.

"ఏం మేడం, బాగుండారా? జడ్జి సారు పోయినాడంట కదా, పాపం. మంచి మనిషి." చేతులు జోడించాడు. "ఇంట్లో అందరూ బాగుండారా మేడం?"

బాగున్నారని చెప్పాను. ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. తాళం తీస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. పట్టపగలు, ఎండ. ఆ రోజు సారు నిలబడిన చోట ఎవరూ లేరు.